మూడో మొలక

మలబారు పీచుమామిడి జీడిలో
ఒక్కోసారి ముగ్గురుంటారు.
ఇద్దరు అచ్చు తల్లి.
మొన దగ్గర నక్కినది మూడోది,
ఎక్కడి పుప్పొడో కలిసింది.
పొట్టిగా, వంకరగా, ఆకు రంగు తేడాగా
అందరికన్నా ఆలస్యంగా బయటికొస్తుంది.

కడియపులంకలో ఏ నర్సరీ అయినా
ముందు పీకేసేది దాన్నే.
లారీ ఎక్కే మొక్కలన్నీ ఒక్క తీరున ఉండాలి కదా.

పల్లాలమ్మ పారేసేది కాదు.
రోజుకి నాలుగొందల అంట్లు కట్టే చెయ్యి,
ఆ చేతికి చాకు ఆరో వేలు.
మడిలోంచి పనికిరానివన్నీ ఏరి
చిరుగు సంచుల్లో నాటి
పంపుషెడ్డు వెనక దాచేది.
"ఏం చేసుకుంటావు వాటిని?" అంటే
"తల్లి చెప్పిందే చెప్పేవి బోలెడున్నాయి కదండీ,
ఇయ్యేం చెబుతాయో ఇందామని, ఆయ్" అనేది.

నేను అక్కడ లెక్కల గుమస్తాని.
ఆ సంచుల ఖర్చు ఏ పద్దులో వెయ్యాలో తెలీక
ఇతరములు అని రాసేవాణ్ణి.

ఓడలరేవు ఏసురత్నం వచ్చిన ఏడు అది.
చుట్టూ రొయ్యల చెరువులు,
నడుమ ఆయన ఎకరం పాతిక.
మూడుసార్లు మా అంట్లే కొన్నాడు,
మూడుసార్లూ ఆకు అంచులు కాలిపోయాయి.
డబ్బు వాపసు అడగలేదు.
నీళ్ళ టిన్నొకటి నా బల్ల మీద పెట్టి
"ఇది తాగి బతికే వేరుందా మీ దగ్గర?" అన్నాడు.
వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను.
ఊరగాయ జాడీ కడిగిన నీళ్ళు.

ఆ టిన్ను పంపుషెడ్డు వెనక్కి పోయింది.
తర్వాత వారానికి రెండు,
అమలాపురం బస్సు టాపు మీద.

మూడొందల పన్నెండు మొక్కలు.
నెల తిరిగేసరికి నూట నలభై.
శ్రావణానికి తొమ్మిది.
గోదారి పొంగి ఎర్రనీళ్ళు
పదకొండు రోజులు లంకలో కూర్చుని లేచాక
ఒకటి.

బులిరాజు గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు.
పేరు పెడదామన్నారు. తన పేరే, వెనక గోల్డ్ అని.
రంగుల చీటీలకి భీమవరంలో బయానా కూడా ఇచ్చేశారు.
"ఒక్క మొక్కకి చీటీలెందుకండీ" అంది పల్లాలమ్మ.
ద్రాక్షయితే పుల్ల గుచ్చితే వేరు పోస్తుంది,
ఒకటి వెయ్యవుతుంది.
మామిడికి ఆ సులువు లేదు,
దాని టెంకలోంచి అదే మళ్ళీ పుట్టాలి.

ఏసురత్నం చేలోనే పాతారు.
మూడో ఏట ఒక కొమ్మకి కొత్తపల్లి కొబ్బరి అంటు కట్టి
రెండో కొమ్మ దాని మానాన వదిలేసింది.
ఇప్పుడు చెరువుగట్టు మీద
ఏరేటర్ల హోరులో ఒకే చెట్టు
కుడివైపు తేనె, ఎడమవైపు పీచు, పులుపు.
కోతకొచ్చిన కూలీలు కుడివైపే చేతులు చాస్తారు.
ఏ రకం అని ఎవరడిగినా
కొత్తపల్లి కొబ్బరి అంటాం.
ముడి కింద ఏముందని
ఇంతవరకూ ఎవరూ వంగి చూడలేదు.

ఈ ఏడు ఎడమ కొమ్మకి మొదటి కాపు.
అయిదు కాయలు.
బులిరాజు గారు కొరికి ఉమ్మేశారు.
పల్లాలమ్మ అయిదు టెంకలూ ఒళ్ళో వేసుకుని
బస్సులో లంకకి తెచ్చి ఇసకలో పెట్టింది.

ఇన్నేళ్ళు తేడా కోసం వెతికిన మనిషి
రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని
పోలిక రావాలని చూడ్డం
నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.
ఒక్క మొలకే వస్తే
ఈ కథ ఆ చెట్టుతో సరి.

మొదటిది కుళ్ళింది.
రెండు, మూడు, నాలుగు: ఒక్కొక్కటే తల.
అయిదోది పందొమ్మిదో రోజున ఇసక పగలదీసింది.
ఒకటి. పక్కనే ఇంకోటి, అదే ఎరుపు, అదే నిక్కు.

పద్దుల పుస్తకం మూసి నేను కూడా వెళ్ళాను.
అప్పటికే ఆవిడ వేలితో ఇసక తప్పిస్తోంది.
ఆ రెండింటి కాళ్ళ దగ్గర
పాలిపోయి, వంకరగా, ఇంకోటి.

"సంచి ఇటివ్వండి" అంది.
కొత్త కట్ట విప్పబోయాను.
"అది కాదండీ,
చిరిగింది."