ఇప్పుడు ఎంత?

మార్చి మొదటి గురువారం
జిమ్‌లో, బాస్కెట్‌బాల్ వలకింద
మడత కుర్చీలు వేశాం. చాలలేదు.
ఆరో తరగతికి అరవై సీట్లు,
ఐదువందల ముప్ఫై దరఖాస్తులు.
తీగల పంజరంలో తెల్లటి బంతులు
గలగలా తిరుగుతుంటే
ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

పంజరం తిప్పింది నేనే.
ఈ బంతుల్లో నా రక్తసంబంధం ఏదీ లేదని
ముందే సంతకం పెట్టించుకున్నారు.
అరవై పేర్లకి అరవై కేకలు.
ఆ తర్వాత కూడా తీస్తూనే ఉండాలి, అది రూలు.
కేకలుండవు.
కుర్చీలు మడిచే చప్పుడు.

హోలియోక్‌లో మా బడి ఒకప్పటి కాగితాల మిల్లు.
కాలువ ఇప్పటికీ గోడవారనే పోతుంది
ఎవరి పేరూ అడక్కుండా.
ఇక్కడి కాగితం ఎవరెవరి ఉత్తరాలయిందో.
నా వంతుకి పద్నాలుగు పేజీల జాబితా,
ప్రింటర్లోంచి వచ్చిన వెచ్చదనం పోకముందే
ఫోన్ మోగుతుంది.

మంగళవారమైతే యారిత్సా ఫెలిబెర్టి.
నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ దిగి, బస్సులోంచి.
స్టాపుల పేర్లు నాకూ వినిపిస్తాయి.
"మా జాడియెల్ ఇప్పుడు ఎంత?"
పిల్లాడి ఎత్తు అడిగినట్టు అడుగుతుంది.
ఏప్రిల్లో ముప్ఫై ఎనిమిది.
మేలో ముప్ఫై ఎనిమిది.
జూన్‌లో నలభై ఒకటి.

"వరుసంటే ముందుకే కదమ్మా నడవాలి?"
నీళ్ళు నమిలాను.
లోపలున్న పిల్లల తోబుట్టువులు
ఎప్పుడొచ్చినా ముందు నిలబడతారని
రూలు చదివి వినిపించాను.
"వాడికి తోబుట్టువులు లేరు,"
అంది, అది తన తప్పయినట్టు.
"నేనే ఉన్నాను."
బస్సు ఎక్కడో బ్రేకు వేసింది.

నా బీరువాలో ఎక్కడో
ఒక సీటు దాచి ఉంచానని జనం అనుమానం.
ఒకాయన టైర్ల షాపు కూపన్లు తెచ్చాడు.
ఒకామె కందులేసి వండిన అన్నం,
మూత తీస్తే ఇంకా పొగలు.
కూపన్లు వెనక్కిచ్చాను. అన్నం తిన్నాను.
ఆమె కూతురు రెండువందల పన్నెండు.
తిన్న తర్వాత కూడా అంతే.

ఆగస్టులో కదలిక మొదలైంది.
సంతోషించాలి నిజానికి.
కానీ ఒక పేరు పైకి జరిగిందంటే
ఊళ్ళో ఏదో ఒక ఇంట్లో
పరుపులు మెట్లు దిగుతున్నాయని
పదకొండేళ్ళు ఈ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది.
స్ప్రింగ్‌ఫీల్డ్‌కి. తాత దగ్గరికి.
చిరునామా చెప్పని చోటికి.
కొన్ని ఫోన్లు అసలు మోగవు.
రెండుసార్లు చేసి, రెండు రోజులాగి, గీత కొట్టాలి.
నేను మూడోసారి కూడా చేస్తాను,
అది ఏ రూల్లోనూ లేదు.

సెప్టెంబరు చివరికి జాడియెల్ ఒకటి.
"ఒకటంటే వచ్చినట్టేనా?"
కాదు.
ఒకటంటే తలుపు బయట, తలుపుకి ఆనుకుని.

అక్టోబరులో నషాలీ కోటో లాకర్ ఖాళీ చేసింది.
అద్దె పెంచారట. వాళ్ళమ్మ
ఇంజను ఆపకుండా పార్కింగులో కూచుంది.
తాళం నా బల్లమీద పెట్టి
అంకెలు కూడా చెప్పింది ఆ పిల్ల.
"కొత్తవాళ్ళకి పనికొస్తుంది, మిస్.
మూడో అంకె దగ్గర కాస్త గట్టిగా తిప్పాలి."

ఆ రోజు మంగళవారం కాదు.
మొదటిసారి నేనే ఫోన్ చేశాను.
ఎత్తింది జాడియెల్, గొంతు తగ్గించి.
"అమ్మ నిద్రపోతోంది. మీరు మంగళవారం ఆంటీనా?
ఇప్పుడు నేనెంత?"

చెప్పాను.

చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "ఈ బడిలో నాకు ట్రంపెట్ ఇచ్చారు.
నిన్ననే మొదటి స్వరం సరిగ్గా వచ్చింది.
అది తిరిగి ఇచ్చెయ్యాలా?"

రూళ్ళ పుస్తకం నా ముందే ఉంది, తెరవలేదు.
"అమ్మని లేపనా?"
"పడుకోనీ నాన్నా. రెండు రోజులు టైముంది."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే
నా వేలు
జాబితాలో రెండో పేరు మీద ఉంది.