అర అంగుళం

మిషన్ తొక్కిన కాలు నాది,
ఇరవై రెండేండ్లు.
మూల మలిపేకాడ సూది ఎక్కడ ఆగాల్నో
కంటికంటె ముందు మడిమెకు తెలుస్తది.
అందుకే మల్సూరు ఆ డబ్బా తెచ్చి
"అక్కా, నీ బాకీ కింద ఇది ఉంచుకో,
కాలితోని తొక్కుడే" అన్నప్పుడు
భయం కాలే.

ఇటుకంత ఇనుము. మీద ఒక్క మీట, ఒక ఎర్రబుగ్గ.
వాడు ఆర్కెస్ట్రాల కీబోర్డు కొట్టేటోడు.
ఆరుగురికి మెరుపు చొక్కలు కుట్టించి
ఆర్కెస్ట్రా బందైనంక మొఖం చాటేసిండు.
"లూపంటరు దీన్ని. ఓసారి తొక్కితే వింటది.
ఇంకోసారి తొక్కితే విన్నదే చెప్తది,
నువ్వు వొద్దనేదాక చెప్తనే ఉంటది."
మా అత్త లెక్కనా? అంటే నవ్విండు.

దేవరకొండ బస్టాండు ఎనుక గల్లిల
షట్టర్ సగం దించి
జాకెట్ల కుప్ప పక్కకు జరిపి
బుల్బుల్ ఒళ్ళె పెట్టుకున్న.
నాలుగు దెబ్బలు.
తొక్కిన. వాయించిన. తొక్కిన.
నా వాయింపే మర్లి నా మీదికొచ్చింది,
నా అసోంటి చేతులే ఉన్నామె ఎవరో
ఎదురుంగ కూసున్నట్టు.

కని కుంటుతున్నది.
నాలుగో దెబ్బకు మొదటి దెబ్బకు నడుమ
రవ్వంత జాగ.
కాలు ఆలస్యం చేసింది,
ఇరవై రెండేండ్ల కాలు,
గడపకాడ చెప్పు ఇరికినట్టు.

సిగ్గైంది. తుడిపేసిన.
మళ్ళ. అండ్ల కుక్కర్ ఇజిల్ చొచ్చింది,
ప్రతి చుట్టుకు పప్పు ఉడికింది.
మళ్ళ. పాత ఇనుపసామాన్ల ఆటో మైకు.
తుడిపేసిన.
పదకొండోసారికి కుదిరింది,
కుట్టు ఏడ మొదలైందో కానరాకుంట.
దాని మీద ఇంకో పొర, కత్తెర చప్పుడు.
ఆ మీద నా గొంతు, మాటల్లేకుంట.

కూసొని విన్న.
షోరూమ్ల బొమ్మకు తొడిగిన జాకెట్ లెక్కున్నది.
ముడత లేదు. అండ్ల ఎవ్వలు
ఊపిరి తీస్తలేరు.

గోడ అవతలి నుంచి నౌషీన్, ఆరో తరగతి:
"ఆంటీ, ఆ కుంటిది ఏమైంది?
దాని మీద ఎక్కాలు చదువుతున్న.
పదమూడో ఎక్కం దాంట్లనే వొస్తుండె.
ఆ సందుల దమ్ము తీస్కోవొచ్చు."

ఏం చెప్పాలె.
తుడిచినంక డబ్బా ఏదీ దాచుకోదు.

ఈదమ్మ యాదికొచ్చింది.
బత్తాయి డబ్బాలు మోసి మోసి
ఆమెకు కుడి బుజం దిగింది.
కొలతల పుస్తకంల ఆ మాట రాయను.
కుడి దిక్కు అర అంగుళం తేడాతోని కత్తిరిస్త,
శాన ఏండ్ల సంది.
ఆమె అడగలే, నేను చెప్పలే.
పెండ్లిళ్ళల్ల అంటరట,
ఈదమ్మ జాకెట్ పోతపోసినట్టున్నదని.
సరిసమానంగ కుడితే జారిపోతుండె.

ఆ రాత్రి కావాలని కుంటబోయిన.
అయితలేదు.
బడి ఎగ్గొట్టే పోరడు కడుపు పట్టుకున్నట్టు
దొంగ కుంటుడు.
ఓసారి ఎక్కువైతది, ఓసారి మొత్తానికే ఉండది.
అర అంగుళం నా చేతికి తెలుసు,
కాలుకు చెప్పరాదు.

పదిన్నరకు కరెంటు పోయింది.
ఎర్రబుగ్గ ఆరింది.
ఏళ్ళు ఇంక బుల్బుల్ మీదనే ఉన్నయి.
ఊకె వాయించిన,
వినేది లేదు, తిరిగి చెప్పేది లేదు.
కాలు దానంతటదే
చచ్చిన మీటను తొక్కుతనే ఉన్నది.

గోడవతల పొల్ల, నిద్రల మాట లెక్క,
"పదమూడొకట్ల పదమూడు"
అని, ఆగి, దమ్ము తీసి,
"పదమూడు రెండ్ల..."

పదమూడు పదుల దాక పోయినం.
కరెంటు రాలే.
రేపు ఇయ్యాల్సిన తొమ్మిది జాకెట్లు
హుక్కులు లేకుంట పడున్నయి.