సగం వంతు

తఫస్కా అంటాం మేము ఈ పండక్కి.
అట్లాసు కొండల్లో, మా ఇరుకు లోయలో
ఏడాదికి ఒక్క పొద్దు
ఈ ఊరికి హమ్ము కావాలి.
మిగతా రోజుల్లో నేను
రెండు అక్రోటు చెట్లూ ఓ మొక్కజొన్న మడీ ఉన్న మనిషిని.
ఆ పొద్దు మాత్రం గుమ్మం గుమ్మానా పిలుపే:
"హమ్మూ, ముందు మా ఇంటికి రా,
పిల్లలు కాచుక్కూచున్నారు."
నలభై ఒక్క గడప, నలభై ఒక్క పొట్టేలు.
సాయంత్రానికి నా మోచేతుల దాకా
ఊరంతా అంటుకుని ఉండేది.

ఆరేళ్లుగా మంచు సరిగా పడలేదు.
మందలో ఈననివి, ఈనలేనివి,
ఈనినా పొదుగు తడవనివి.
జమాత్ పెద్దలు మసీదు అరుగు మీద
రెండు రాత్రులు టీ తాగి తేల్చారు:
ఊరందరి పేరా ఒక్కటే పొట్టేలు.
మిగిలినవి బతకనీ.

నమాజు అయ్యాక ఇమాం ఇద్దీర్ అన్నాడు:
"దాని మాంసం దేవుడికి చేరదు, నెత్తురూ చేరదు.
చేరేది మీ భయభక్తి ఒక్కటే."
ఆడవాళ్ల వరసలోంచి ముసలి తూదా:
"భక్తి పైకి పోనీ నాయనా,
మాంసం కిందికి రావాలిగా, మా సట్టిలోకి!"
వరసలన్నీ నవ్వాయి. ఇమామూ నవ్వాడు.

పొట్టేలుకి నీళ్లు పట్టాను.
కుండెడు నీళ్లు. ఈ ఏడు అది చిన్న మాట కాదు.
కత్తి దానికి కనబడకుండా వీపు వెనక దాచాను,
మా నాన్న నేర్పిన మర్యాద.
కిబ్లా వైపు తిప్పి పడుకోబెట్టి
బిస్మిల్లా, అల్లాహు అక్బర్.
ఏటా నలభై ఒక్కసార్లు అనే మాట
ఈసారి ఒక్కసారే అన్నాను.
అందుకేనేమో, మొదటిసారి విన్నాను.

నలభై ఒకటి కోయడం పని.
ఒకదాన్ని నలభై ఒకటి చేయడం పరీక్ష.
కార్జం గోరంత గోరంత,
కొవ్వు వేలి గీతంత.
ఎముక ఎవరికి, మెత్తన ఎవరికి?
అక్రోటు ఆకుల మీద కుప్పలు పెట్టాను.
గడపకో గుర్తు పడింది టోపీలో:
చొక్కా బొత్తాం, ఆలివ్ గింజ,
విరిగిన తాళంచెవి, ఎవరిదో పాలపన్ను.
అయిదేళ్ల టిల్లా కళ్లు మూసుకుని
కుప్పకొకటి పెట్టుకుంటూ పోయింది.
ఇమాం గారి బొత్తానికి మెడ ఎముక దక్కింది.

నా కుప్ప పక్కనే మోహా కుప్ప.
తొమ్మిదేళ్లుగా మాకు మాటల్లేవు.
కాలువ తగాదా. మడవ ముందు ఎవరు తెరిచారో
ఇప్పుడు నాకే సరిగా గుర్తు లేదు.
(ఉంది. ఆయనే.)
వంగి తన వాటా ఎత్తుకుంటూ
గాలికి చెప్పినట్టు అన్నాడు:
"సమంగా కోశాడు."

ఆ రాత్రి నీటి వంతు నాది,
పన్నెండు రోజులకోసారి వచ్చే వంతు.
పార భుజాన వేసుకుని బయల్దేరాను.
నలభై ఒక్క ఇళ్లలో ఒకే పొట్టేలు ఉడుకుతోంది.
ఉన్నింటి వాసన, లేనింటి వాసన
అని రెండు లేవు ఇవాళ.
ఎక్కడ నడిచినా ఒకే ఇంట్లో నడుస్తున్నట్టుంది.

అర్ధరాత్రికి నా మడి సగం తడిసింది.
దిగువన మోహా మొక్కజొన్న
ఆకులు చుట్టుకుని, వెన్నెల్లో
చలిమంట ముందు ముడుచుకున్న ముసలాళ్లలా ఉంది.

పొద్దున కత్తి తేలిగ్గానే లేచింది.
మెడ నాది కాదు కదా.
ఇప్పుడు ఈ మడవరాయి లేవదే!
గుప్పెడు బురద, రెండు గులకరాళ్లు,
తొమ్మిదేళ్లుగా నేను మేపుతున్న ఒక మాట.
ఇంత బరువా ఇది?

రాయి జరిపాను.
నీరు కాసేపు తటపటాయించి
దిగువకి వెళ్లింది,
ఎవరు పిలిచినా వెంటపడే గొర్రెపిల్లలా.
చీకట్లో ఎవరో దగ్గారు.
ఆ దగ్గు నేనెరుగుదును.
ఆయనేమీ అనలేదు. నేనూ అనలేదు.

సగం వంతే ఇచ్చాను.
నేను ఇబ్రహీంని కాను.
నాకూ మొక్కజొన్న ఉంది.