రెండో ఓటు

ముప్పై ఎనిమిదో రోజు పొద్దుగాల లారీ వచ్చింది.
హోటల్ వెనక గల్లీల, మిషిగన్ అవెన్యూకు కనబడని దిక్కు,
వేరే ఊర్ల ఉతికిన దుప్పట్లు నింపుకొని.
మేం పదకొండుమందిమి.
డబ్బల చెక్కలు సగం కాలి పొగ పెడుతున్నయి.
షికాగో సరస్సు మీదికెళ్లి వచ్చే గాలికి
మొఖం ఉన్నదో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాలె.

డ్రైవర్ అద్దం దించిండు.
"అసలు సమ్మెనా, ఒక్కరోజు ముచ్చటనా?"
వెర్నెల్ గ్లౌజులు ఇప్పి
పది వేళ్లు మూడుసార్లు చూపించింది, మళ్ల ఎనిమిది.
ఆయన ఫోన్ తీసి ఎవరికో చెప్పిండు:
"టైరు పోలే సారూ. మనుషులున్నరు."
అంత పెద్ద బండిని అంత సన్న గల్లీలకెళ్లి
వెనకకు తీసుడు చూసిన నేను.
పీక్ పీక్ మని అరుచుకుంట, గోడకు జానెడు దూరంల,
ఇరవై నిమిషాలు.
పెండ్లి ఊరేగింపు లెక్క ముందట నడిచినం.

అంతకు ముందు వారం కార్పొరేటర్ గూడ వచ్చిండు.
మా ఎర్ర టోపీ పెట్టుకున్నడు, మా కాఫీ తాగిండు,
"ఈ నగరం మీ చేతుల మీద నిలబడ్డది" అని
మా చేతులకు కాదు, కెమెరాకు చెప్పిండు.
ఓనర్ల విందుల ఆయన పక్క కుర్చీ ఎవరిదో
ఆ బల్ల మీది గుడ్డ ఇస్త్రీ చేసిన నాకు తెల్వదా?

గోదావరిఖనిల బొగ్గుబాయి సమ్మెప్పుడు
కిరాణం ఓదెలు ఉద్దెర పెన్సిలుతోని రాసుకునేటోడు,
చెరపాలంటే చెరపొచ్చని.
ఇక్కడ నా క్రెడిట్ కార్డుకు
పెన్సిలంటే ఏందో తెల్వదు.

నలభై ఒకటో రోజు కాగితం వచ్చింది.
గంటకు డాలర్ ఎనభై సెంట్లు ఎక్కువ.
దవఖాన బీమా ఉంటది, ఐదేండ్లు దాటినోళ్లకు.
కొత్తోళ్లకు? పద్దెనిమిదో పేజీ, చీమ తలకాయంత అక్షరాలు.
నాకు పదకొండేండ్లు.
ఇట్జెల్‌కు ఏడు నెలలు.
డబ్బల ఏసిన చెక్కలన్ని ఎక్కువ ఆ పిల్ల విరిచినయే.

మొదటి ఓటుకు చేతులెత్తినం, చర్చి కింది హాల్ల,
కప్పుకు తగిలేటట్టు.
రెండో ఓటు చీటీల మీద.

వెర్నెల్ "ఔను" అని రాసింది. దాచిపెట్టలే.
ఆమె మొగనికి వారానికి మూడుసార్లు రక్తం కడుగుతరు.
"తిట్టుకో నన్ను. బిల్లు నువ్వు కడతవా?" అన్నది.
నా దగ్గర జవాబు లేకుండె.
"కాదు" అని రాసి మడత పెట్టిన,
పదకొండేండ్లు మడతలు పెట్టిన చెయ్యి,
ఆ చిన్న చీటీ మాత్రం వంకర పోయింది.

రెండువందల పద్నాలుగు. నూట తొంభై ఏడు.
కొందరు చప్పట్లు కొట్టిన్రు, కొందరు కోట్లు తొడుక్కున్నరు.
ఇట్జెల్ చప్పట్లు కొట్టింది.
ఎందుకో అడగలే. ఇప్పటికీ అడగలే.

సోమవారం మళ్ల భూమి కింద, ఆవిరిల.
కింగ్ సైజు దుప్పటి ఒక్క మనిషితోని మడత పడదు;
నాలుగు మూలలకు నాలుగు చేతులు కావాలె.
ఎదురుంగ వెర్నెల్.
రోలర్ల కెళ్లి వచ్చిన గుడ్డ చిటచిటమని చేతులకు కరిచింది.
మూడువందల దుప్పట్లు, ఒక్క మాట లేదు.

తిండి గంటకు ఆమె లాకర్ తలుపు తెరిచిపెట్టి పోయింది.
కావాలనో, మర్చిపోయో.
లోపల పద్దెనిమిదో పేజీ, టేపుతోని అతికిచ్చి ఉంది.
దాని చుట్టూ పేర్లు, అరవై మూడు,
ఒక్కొక్కరికి ఐదేండ్లు ఎప్పుడు నిండుతయో తారీఖు.
కాంట్రాక్టు అయిపోయే తారీఖు వాటన్నిటి కంటె ముందు,
దాని కింద రెండు గీతలు.
పెన్సిలు కాదు. పెన్ను.

నేనేం చూడనట్టే వచ్చి నా మూలలు పట్టుకున్న.
అటు దిక్కు కెళ్లి, మూడు రోజులకు మొదటి మాట:

"నీ దిక్కు వంకర పోతున్నది.
గట్టిగ గుంజు."