పదిహేడో నంబరు బిళ్ళ

టైమాఫీసు కిటికీ చిన్నది.
ఇరవై రెండేళ్ళుగా అందులోంచి నేను చూసింది
మనుషుల్ని కాదు, చేతుల్ని.
ఇత్తడి బిళ్ళ అందుకునే చేతులు,
షిఫ్టు దిగి తిరిగిచ్చే చేతులు.
దిగేటప్పుడు రకరకాల రంగులు,
ఎక్కేటప్పుడు ఒకటే.

విశాఖలో గనులు లేవంటారు.
నిజమే. బొగ్గు మాకు ఓడల్లో వస్తుంది,
ఎవరి నేల కడుపులోంచో.
కానీ గుట్ట కింద సొరంగముంది,
బెల్టు నడిచే సొరంగం,
రాలిన బొగ్గును పారతో ఎత్తి మళ్ళీ బెల్టు మీద పోసేవాళ్ళు
వంగి దిగుతారు, వంగే పైకొస్తారు.
దాన్నేమనాలో మీరే చెప్పండి.

ఆ రాత్రి సి షిఫ్టు.
మూడూ పదికి నా గ్లాసులో టీ వణికింది.
తరవాత చప్పుడు.
ముందు వణుకు, తరవాత చప్పుడు.
విచారణలో మూడుసార్లు చెప్పాను.
మూడుసార్లూ రాసుకోలేదు.

సొరంగం నోట్లోంచి మంట రాలేదు,
ధూళి వచ్చింది, వెచ్చగా,
లోపల పెద్ద జంతువేదో ఊపిరి వదిలినట్టు.
యారాడ కొండ కనబడలేదు.
పొద్దున పెదగంట్యాడలో
ఆరేసిన పిల్లల యూనిఫారాలన్నీ
మళ్ళీ ఉతుక్కున్నారు.

బోర్డు మీద పదకొండు మేకులు ఖాళీ.
నాలుగు బిళ్ళలు నడిచొచ్చాయి.
రెండు స్ట్రెచర్ల మీద కేజీహెచ్‌కి పోయాయి.
ఐదింటిని, వేడి తగ్గాక,
ఫైరు వాళ్ళు తువ్వాల్లో మూటగట్టి తెచ్చారు.
బిళ్ళల్ని బట్టి పేర్లు రాశాను,
ముఖాల్ని బట్టి రాసే వీల్లేదు.
పదిహేడు: మొల్లి ముత్యాలు, కణితి.

మూడో రోజు ముత్యాలు వచ్చాడు.

"బాబూ, నాను సచ్చిపోనానని పేపర్లో ఏసినారు."
కిటికీ అంచు పట్టుకున్న వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి.
ఆ రాత్రి జొరమట. రోజు కూలి పోతుందని
బావ దాలయ్య తన పేరు చెప్పి దిగాడట.
దాలయ్య ఏ రిజిస్టరులోనూ లేడు.
కాంట్రాక్టరు ఫోన్లో తేల్చేశాడు:
"ముత్యాలు బతికుంటే ఇంక సచ్చినోడెవడయ్యా?
మా కాడ దాలయ్యనే మనిషే లేడు."

ముత్యాలు చాలాసేపు నేలకేసి చూశాడు.
"అలగైతే నాను సచ్చినట్టే ఉండిపోతాను.
ఆ డబ్బులు మా యింటిదానికొత్తే
అప్పకిచ్చీమంటాను. తప్పు రాయకండి బాబూ."

తప్పు రాయలేదు. అంటే,
రాసిన తప్పు దిద్దలేదు.

రేషను కార్డులో అతని పేరు కొట్టేశారు.
ఫిషింగ్ హార్బర్లో ఐసు కొడుతున్నాడని విన్నాను,
ఇంకేదో పేరుతో,
తెల్లటి ముక్కల మధ్య తెల్లవారుజాము దాకా.
పెద్దకర్మ నాడు తన ఫోటోకి వేసిన దండను
గోడ చాటునుంచి తనే చూశాడని కూడా విన్నాను.
నమ్మాలో లేదో తెలీదు.

నెల దాటాక నూకరత్నం వచ్చింది, దాలయ్య పెళ్ళాం.
డబ్బు మాటెత్తలేదు.
బిళ్ళ చూపించమంది.
ఒక పక్క కరిగి, అంకె మిగిలింది: ఒకటి, ఏడు.
బరువు చూస్తున్నట్టు అరచేతిలో ఎగరేసింది.
"ఏ సేత్తో అందుకున్నాడు?" అంది.

నాకు గుర్తుంది.
ముత్యాలుది కుడిచేతి వాటం.
ఆ రాత్రి కిటికీలోకి వచ్చింది ఎడం చెయ్యి,
మణికట్టు మీద పచ్చబొట్టు, తేలు.
నేను చూశాను.
వెనక లైను పెద్దదిగా ఉంది. టీ చల్లారిపోతోంది.
"ముత్యాలు" అంది గొంతు.
ముత్యాలు, అని రాశాను.

"ఎడం సేత్తోనమ్మా," అన్నాను.

తలూపింది.
"ఆడేనయితే," అంది.
బిళ్ళ బల్ల మీద పెట్టి,
వేళ్ళకంటిన నలుపు
చీరకి తుడుచుకోకుండా
అలాగే పట్టుకుని వెళ్ళింది.