మంచు మీద నూనె గీత

ముందు ప్లగ్గు తీగ ఊడదీస్తాను.
నిద్రపోతున్న కుక్కనైనా నమ్మొచ్చు గానీ
ఆగి ఉన్న రంపాన్ని నమ్మకూడదని
రొసామెల్ మామ ఎప్పుడూ నోటితో చెప్పలేదు.
ఎడమచేతికి చూపుడువేలు లేని చోటు చెప్పింది.

జూలై అంటే మాకు నడి చలికాలం.
బేకర్ నది మీద పొగలా ఆవిరి,
కట్టెల కొట్టం కప్పు మీద మోకాటి లోతు మంచు.
పొయ్యి పక్కన రెండు వెచ్చబడుతున్నాయి,
మాతే కాచుకోడానికి నీళ్ళు, గొలుసుకి పోసే నూనె.
చలికి నూనె ముదురుపాకమై కూర్చుంటుంది.
డబ్బా నిండుగానే కనిపిస్తుంది,
గొలుసు మాత్రం ఎండిపోతూ ఉంటుంది.
నిన్న అదే జరిగింది.
బద్ద అంచు నీలంగా కమిలింది,
కాలిన వాసన నా చొక్కాలో ఇంకా ఉంది.

రెండు నట్లు విప్పి మూత తీస్తే
లోపల లెంగా చెట్టు పొట్టు,
నూనెలో నాని, తెలగపిండిలా అట్టకట్టి.
పుల్లతో రాలగొడతాను.
గుర్రపు నాడా మేకుతో గాడి పొడుగునా గీకుతాను.
చివర ఒక కన్నం ఉంది,
చీమ తల దూరేంత.
దాని మీద వేలెడు మట్టి.
ఇంత యంత్రమూ ఆ కన్నం దయ మీద తిరుగుతోంది.

బద్దని తిరగేసి బిగిస్తాను,
పోయినసారి పైనున్న అంచు ఈసారి కిందికి.
ఒకే వైపు అరిగితే కోత వంకర పోతుంది.
మనుషుల్లోనూ చూశాను ఈ అరుగుదల,
తిరగేసి బిగించే వీలే లేదు.

ఒక్కో పంటికి మూడు రాపిళ్ళు,
ముందుకే, వెనక్కి లాక్కూడదు.
ఆకురాయి కూనిరాగం మారితే
పన్ను తెగువకి వచ్చినట్టు.
పదునున్న గొలుసు పేలికలు చిమ్ముతుంది,
మొద్దుబారింది పిండి రాలుస్తుంది,
ఆ పిండి చూసి కూడా కోసేవాడు
చేతులతో కాదు, మొండితనంతో కోస్తున్నాడు.

మామ నలభై ఏళ్ళు
ట్రాక్టరు తాగి ఉమ్మేసిన నల్లనూనే పోశాడు.
"పారేసేదే కదా, ఎర్మిందా."
ఒక వసంతంలో మొదళ్ళ చుట్టూ మంచు కరిగి
వాగులో నెమలికన్నులు తేలాయి.
దూడ మూతి దించింది,
వాసన చూసింది,
తాగకుండానే వెనక్కి తిరిగింది.
మామ ఏమీ అనలేదు.
శనివారం సహకార దుకాణం నుంచి
గింజల నూనె డబ్బా భుజాన వేసుకొచ్చాడు.
వేపుళ్ళు చేసుకునే నూనె రంపానికా అని
అత్త మూడు రోజులు సణిగింది.

దీనికీ ఒక పేచీ ఉంది లెండి.
వాడకుండా వదిలేస్తే జిగురు కడుతుంది.
పని లేని నెలల్లోనూ
విప్పాలి, తుడవాలి, పలకరించాలి.

ఇప్పుడు తీగ మళ్ళీ తగిలిస్తాను.
గొలుసుకి బ్రేకు, పిడి మీద బూటు కాలు, తాడు లాగు.
నూనె వస్తోందో లేదో
వేలు పెట్టి చూసే పద్ధతి మా ఇంట్లో లేదు.
బద్ద కొనని మంచుకి జానెడు ఎత్తున పట్టి
బ్రేకు వదిలి, ఒక్క గుక్క వేగం ఇస్తాను.

ఏమీ పడలేదు.
ఇంకో గుక్క.
ఏమీ లేదు, తెలుపు.

మామ గడప మీద నిలబడ్డాడు, చేతిలో మాతే బుర్ర.
ఆపు అన్నట్టు గడ్డం ఎత్తాడు.
ఆపాను. తీగ పీకాను.
కన్నం కడిగాను మళ్ళీ, ఈసారి పెట్రోలు చుక్కతో,
గంట పట్టింది, నీళ్ళు చల్లారిపోయాయి.

మూడోసారి
మంచు మీద సన్నగా, తుంపర తుంపరగా
పసుపు గీత.

మామకి చదువు రాదు.
వంగి, ఆ గీతని ఈ కొస నుంచి ఆ కొసకి చూశాడు,
లేని వేలి పక్క వేలితో తాకి, వాసన చూశాడు.
"చాలు. కళ్ళద్దాలు పెట్టుకో," అన్నాడు,
"సాయంత్రానికి కట్టె లేదు ఇంట్లో."