నూలు కొలత

అల్లిపురంలో నా అద్దాల కొట్టుకి
చేపలతొట్టి కోసం తప్ప ఎవరూ అంత వానలో రారు.
హైమ వచ్చింది.
కేజీహెచ్ లాబులో డ్యూటీ దిగి,
హెల్మెట్టు అంచున నీళ్లు కారుతుంటే అడిగింది:
"పాముకి ఇల్లు కావాలండీ. ఎంత పొడుగుండాలి?"

"పుట్ట చాలదా అమ్మా?" అన్నాను. నవ్వలేదు.
సంచిలోంచి రిజిస్ట్రేషను కాగితం తీసి
తడవకుండా నా బల్లమీద పరిచింది.
మన అడవిది కాదట. ఆఫ్రికా జాతి, బాల్ పైథాన్.
ఆడది. పేరు బెల్లం.
అనకాపల్లి దిమ్మ విరిచినచోట ఉండే రంగు.

మర్నాడు సీతమ్మధారలో వాళ్ల మేడగదిలో
టేపు పట్టుకుని నిలబడిపోయాను.
ఇనప టేపు వంగదు. పాము తిన్నగుండదు.
ముప్పయ్యేళ్లలో నేను కొలిచినవన్నిటికీ మూలలున్నాయి.
దీనికి ఒక్కటీ లేదు.

హైమ నూలుపోగు తెచ్చింది.
బెల్లం వెన్నుమీద వంపువంపుకీ ఆనిస్తూ
మెడ నుంచి తోకకి నడిపించింది,
జ్వరమొచ్చిన పిల్లకి తడిగుడ్డ వేస్తున్నట్టు.
పోగు చాపితే మూడడుగుల రెండంగుళాలు.

అన్నాళ్లూ అది ఉన్నది చెప్పుల పెట్టెంత ప్లాస్టిక్ డబ్బాలో.

"పెరిగితే నాలుగున్నర దాకా వస్తుంది" అంది.
"ఒళ్లు విరుచుకుంటే ముక్కొక గోడకీ తోకొక గోడకీ
తగలకూడదు."
అయితే అయిదు. వెడల్పు రెండు, ఎత్తు రెండు.
ఒక కొస వెచ్చగా, ఒక కొస చల్లగా.
తేమ సంగతి సముద్రం చూసుకుంటుంది.
మూతకి గొళ్లెం మాత్రం మనం చూసుకోవాలి.

మెట్ల మలుపులో అయిదడుగుల తొట్టి తిరగదు.
పలకలు పలకలుగా మోసి అక్కడే అతికించాను.
సిలికాన్ ఆరేదాకా గదంతా పుల్లటి వాసన,
మాగాయ జాడీ బద్దలైనట్టు.
వాసన చచ్చేదాకా పాముని దించొద్దన్నాను.
నాలుగు రోజులు ఆగింది హైమ. ఇద్దరం ఆగాం.

తర్వాత పదకొండు రోజులకి ఫోను:
"మూల వదలట్లేదండీ. ఎలకపిల్లని పెడితే మొహం తిప్పేసింది.
మరీ పెద్దది కట్టేశామా?"

ఏం చెప్పను?
కొట్టు పెట్టకముందు ఆరేళ్లు మరపడవ మీద ఉన్నాను.
అయిదడుగుల ఆరంగుళాల మనిషికి
అయిదడుగుల బల్ల.
డాల్ఫిన్స్ నోస్ దాటాక ఎటు చూసినా నీళ్లే,
హద్దనేదే లేదు,
నేను మాత్రం మోకాళ్లు గడ్డానికి ఆనించి పడుకునేవాణ్ణి.
ఒడ్డెక్కాక నూకాలు కొన్న డబుల్ కాట్ మీద కూడా
గోడవార అంతే ముడుచుకుంటే
"మంచమంతా ఎవరికి వదిలేశావయ్యా" అంటుంది.

"పెద్దదవలేదమ్మా" అన్నాను,
"దాక్కునే చోటు పెట్టడం మర్చిపోయాం."

కుండ ఒకటి కొన్నాను పూర్ణా మార్కెట్టులో.
నిలువునా చీల్చి, అంచులు అరగదీసి,
రెండు కొసలా రెండు బోర్లించాను.
ఒళ్లు పట్టేంత, అంతే.
మధ్యలో కొబ్బరిపీచు ఎత్తుగా పోసి
నడిచే దారి కనబడకుండా చేశాం.

రెండు వారాలు ఏ కబురూ లేదు.
దసరా ముందు ఒక రాత్రి ఫొటో వచ్చింది.
వెనకద్దం పొడుగునా
ఈ కుండలోంచి ఆ కుండ వైపు
ఒక్క వంపైనా లేకుండా బెల్లం.
కింద హైమ రాసింది: "తిన్నాది."

ఫొటో నూకాలుకి చూపించాను.
"పాముకేటి, అయిదడుగులేటి" అంటూనే
చాలాసేపు చూసింది.

నూలుపోగు నా చొక్కాజేబులోనే ఉండిపోయింది.
కొట్లో మేకుకి వేలాడదీశాను.
చేపలకోసం వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే
కొలత అంటాను.
దేనిదో చెప్పను.
వచ్చే ఏడు దానికి
ఇంకో జానెడు ముడెయ్యాలి.